కర్ర పొడిగానే వచ్చింది

షెడ్డు మీది గది
సోమవారం, స్కూల్ నుంచి రాగానే

అత్తా,

అంటే, నిన్న రాసిన దాంట్లో అసలు సంగతి రాయనేలేదు. నాలుగు పేజీలు నా పరీక్షల గురించీ కత్తిరించుకున్న జుట్టు గురించీ రాసి, కవరు అంటించే ముందు చించేశాను. ఏడేళ్ళుగా మాట్లాడని మనిషికి జుట్టు గురించి ఎవరు రాస్తారు చెప్పు.

నేను పిచ్చుకని. నీ అన్న కూతుర్ని. ఇప్పుడు పదిహేనేళ్ళు. నీ అడ్రసు గేటు దగ్గర బాబాయ్ ఇచ్చాడు. చేతులు కాలిన బాబాయే. ఇప్పుడు పనిముట్టు పట్టుకోలేడు కాబట్టి నాన్న వాచ్‌మన్‌గా పెట్టుకున్నాడు. ప్రతి చలికాలం ఆయన చేతులకి నువ్వు పంపే మందు డబ్బా మీద అడ్రసు ఉందట. ఆ డబ్బా సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ ఉత్తరం సంగతి కూడా తెలియకూడదు. నా ఫోన్ రోజూ అమ్మ చూస్తుంది, అందుకే కాగితం. జవాబు బాబాయ్ పేరు మీదే పంపు.

సంగతి ఇది. షెడ్డులోకి ఆ పాత తెల్ల పడవ మళ్ళీ వచ్చింది, అప్పట్లో నువ్వు అడుగు చెక్కలు మార్చావే, అది. ఓనరు కొత్త ఇంజన్ పెట్టించుకుంటున్నాడు. పెట్రోల్ ట్యాంకు తుప్పు పట్టింది, తీసేయాలి. కానీ పైన ఉన్న మూత చిన్నది, ట్యాంకు పెద్దది, బయటికి రాదు. నాన్న ఏమంటున్నాడంటే, లోపలే గ్రైండర్‌తో రెండు ముక్కలు కోసి తీసేద్దామని. కోసేది అన్నయ్య.

నాన్న ట్యాంకులో కర్ర పెట్టి చూశాడు. కర్ర పొడిగానే వచ్చింది. వేళ్ళతో టకటకా కొట్టి, "ఖాళీరా, డప్పులా మోగుతోంది" అన్నాడు. మరి నేను పడవలోకి వంగితే పెట్రోల్ వాసన ఎందుకొస్తోంది?

మా కెమిస్ట్రీలో ఇదంతా ఉంది అత్తా. ఆవిరి, గాలి, నిప్పురవ్వ. దానికి నాకు పదికి పది వచ్చాయి. ఇంట్లో ఆ పది మార్కులకి ఉప్పు రాయంత విలువ లేదు. నాకు భయంగా ఉంది. ట్యాంకు ఎలా తీయాలో నాకు రాయి. నా తెలుగు చూసి నవ్వకు.

పిచ్చుక


రిపేరు యార్డు, వర్కర్ల క్వార్టర్లు
శుక్రవారం

పిచ్చుకా,

నవ్వాను. నీ అక్షరాలు గాలికి ఒరిగిన కంచెలా ఉన్నాయి. తర్వాత మిగతాది చదివి ఒళ్ళు మండిపోయింది. మా అన్న ఇంకా ఆ కర్రనే నమ్ముకున్నాడా? ఇన్నేళ్ళలో మనిషి జుట్టు నెరిసింది గానీ ఆ కర్ర మాత్రం మారలేదన్నమాట!

ముందు వెళ్ళి పడవ ఎలా నిలబెట్టారో చూడు. ముక్కు పైకి ఉండేలా ముందు దిమ్మలు ఎత్తుగా పెట్టి ఉంటారు, వాన నీళ్ళు వెనక్కి జారిపోవాలని. పెట్రోల్ పోసే గొట్టం ముందు వైపు ఉంది. కర్ర దిగేది అక్కడ. పెట్రోల్ ఉండేది వెనక. పొడిగా రాక ఏమవుతుంది? ట్యాంకు వెనక కొసన పెట్రోల్ మీటరు బిగించిన రంధ్రం ఉంది, ఐదు స్క్రూలు. అక్కడ పెట్టమను కర్ర.

సరే, నిజంగానే ఖాళీ అనుకో. ఖాళీ ట్యాంకు ఇంకా ప్రమాదం. నిండా ఉన్నదాంట్లో ఆవిరికి చోటుండదు. ఖాళీదాని నిండా ఆవిరే. ఈ ముక్క పడవల దగ్గర పుట్టి పెరిగినవాడికి నేను ఉత్తరం రాసి చెప్పాలా?

ఎలా తీయాలంటావా, విను. పడవని షెడ్డులోంచి బయటికి లాగాలి. గాలి ఆడే రోజు, ఎండ తగ్గాక. మూతలన్నీ ముందు రోజే తెరిచి ఉంచాలి, ఎందుకంటే పెట్రోల్ ఆవిరి పొగలా పైకి పోదు, పడవ అడుక్కి దిగి అక్కడే కూర్చుంటుంది. వాసన వస్తున్నంతసేపు ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు. వాసన పోయాక బ్యాటరీ నల్ల వైరు ముందు ఊడదీయాలి, తర్వాత ఎర్రది, ఆ బ్యాటరీని మోసుకెళ్ళి దూరంగా పెట్టాలి. ఫోన్లు గేటు దగ్గరే. నూలు బట్టలే కట్టుకోవాలి. మంటలార్పే ఎర్ర సిలిండరు పట్టుకుని ఒక మనిషి నిలబడాలి, ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకూడదు.

తోడేది చేతిపంపుతోనే. కరెంటు మోటారు వద్దు, గొట్టం నోట్లో పెట్టి పీల్చడం అసలే వద్దు. పెట్రోల్ డబ్బాలు నేల మీద ఉండాలి. డబ్బాకీ ట్యాంకుకీ మధ్య ఒక రాగి తీగ కట్టాలి, లేకపోతే పారే పెట్రోలే రవ్వ పుట్టిస్తుంది. వెనక కొస నుంచి తోడాలి. అయిపోయాక గొట్టాలు ఒక్కొక్కటే విప్పి ప్రతి రంధ్రానికీ బిరడా బిగించాలి. ఆ తర్వాతే ట్యాంకుని పట్టి ఉంచే పట్టీల బోల్టులు విప్పాలి.

కోయడం మాత్రం లేదు. అప్పుడూ లేదు, తర్వాతా లేదు.

ఇదంతా నేను చెప్పానని చెప్పకు. చెబితే ఒక్క ముక్క చెవిన పెట్టడు.

అత్త


షెడ్డు మీది గది
బుధవారం

అత్తా,

నువ్వు చెప్పావని చెప్పలేదు. స్కూల్ ప్రాజెక్ట్ అన్నాను. అన్నం తినేటప్పుడు చాలా మామూలుగా మొదలుపెట్టాను. "నాన్నా, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదమట కదా?"

అన్నయ్య, "ఒసేయ్, ఖాళీ బుర్ర కూడా అంతే, జాగ్రత్త" అన్నాడు. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత నోరు జారాను. "ఆవిరి పొగలా పైకి పోదు, అడుక్కి దిగి అక్కడే కూర్చుంటుంది" అనేశాను, అచ్చం నీ ఉత్తరంలో ఉన్నట్టే.

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఈ మాట ఎవరు చెప్పారు నీకు?"

"గూగుల్" అన్నాను.

"గూగుల్ అలా మాట్లాడదు" అన్నాడు. ఎవరి వైపూ చూడకుండా, "ఒక మనిషి రెండు చేతులూ కాల్చి వెళ్ళిపోయిన మనిషి మాటలు నా ఇంట్లో వినపడకూడదు" అన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. కూర సగం అలాగే ఉంది.

నాకు ఎంత కోపం వచ్చిందో తెలుసా? కానీ ఏం చేశాను? అందరి కంచాలూ తీసి కడిగాను. నా కోపం ఎప్పుడూ గిన్నెలు తోమడంలోనే అయిపోతుంది.

వాన పట్టుకుంది, షెడ్డులో కరెంటు పోయింది, అందుకే పని ఆగింది. వాన తగ్గాక కోస్తారట.

అత్తా, ఒకటి అడుగుతాను. బాబాయ్ చేతులు కాలిన రోజు, నువ్వు అప్పుడు షెడ్డులో ఉన్న ఇంకో పడవ మీద సుద్దతో ఏమైనా రాశావా? ఊరికే అడుగుతున్నాను.

పిచ్చుక


రిపేరు యార్డు, వర్కర్ల క్వార్టర్లు
సోమవారం

పిచ్చుకా,

రాశాను. "కోయొద్దు" అని, పడవ పక్క చెక్క మీద, ఒక్కో అక్షరం మూరెడు. ట్యాంకులో పెట్రోల్ ఉందని తెలిసి, చేతిపంపు తేవడానికి బజారుకెళ్ళాను. వచ్చేసరికి మీ నాన్న బాబాయ్ చేత ట్యాంకు కోయించాడు, అంతా అయిపోయింది. సుద్ద కదా, తేమకి పోయి ఉంటుంది. దాని గురించి మళ్ళీ అడగకు.

ట్యాంకు బయటికి రాదన్న మాట దగ్గరికి వద్దాం. వస్తుంది. ఈ తెల్ల పడవ కట్టినవాడు ముందు ట్యాంకు పెట్టి, తర్వాత దాని మీద కూర్చునే చెక్క బిగించాడు. ఆ వెనక సీటు పలక అతికించినది కాదు, స్క్రూలతో బిగించినది. స్క్రూల తలలు కనపడకుండా చిన్న చిన్న చెక్క బిళ్ళలు కొట్టి పైన పెయింట్ వేశారు. పద్నాలుగు బిళ్ళలు. గోరుతో తడిమితే తెలుస్తాయి. పడవ అడుగు మార్చినప్పుడు నేనే విప్పి నేనే బిగించాను. అవి విప్పితే ట్యాంకు ఇద్దరు మనుషుల చేతుల్లోకి పసిపిల్లలా వస్తుంది.

ఆ పలక సంగతి మీ నాన్నకీ తెలుసు. పక్కనే నిలబడి చూశాడు. చెల్లెలు చేసిన పని గుర్తుంచుకోవడం కన్నా గ్రైండర్ తేలిక కాబోలు! నాకు ఆ గ్రైండర్ మీద కోపం లేదు పిచ్చుకా, దానికి బుర్ర లేదు. ఉన్నవాడి మీదే.

అన్నయ్యని పట్టుకో. కర్ర వెనక పెట్టి చూపించు. మాటలతో కాదు, తడి చూపించు.

అత్త


షెడ్డు మీది గది
ఆదివారం, చేతులకి ఇంకా పెట్రోల్ వాసన

అత్తా,

చేశాం.

వాన తగ్గింది. నాన్న ఇంకో ఇంజన్ చూడ్డానికి వారం రోజులు ఊరెళ్ళాడు. వెళ్ళేముందు అన్నయ్యతో "నేను వచ్చేసరికి ముక్కలు బయట ఉండాలి" అన్నాడు. నిన్న పొద్దున్నే అన్నయ్యని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. ముందు మూతలన్నీ తెరిపించాను, వాసన పోయాక బ్యాటరీ తీయించాను. "ఏంటే ఈ పెత్తనం, పెళ్ళివారిలా?" అంటూనే చేశాడు. మధ్యాహ్నం వెనక రంధ్రం ఐదు స్క్రూలు విప్పి కర్ర దించాడు.

నాలుగు వేళ్ళ ఎత్తు తడి.

ఆ కర్ర వంక చూస్తూ కూర్చుండిపోయాడు. "వామ్మో" అన్నాడు. ఇంకో నిమిషానికి మళ్ళీ "వామ్మో" అన్నాడు. నన్ను పిచ్చుక అని కాకుండా పేరు పెట్టి పిలిచి, "ఇప్పుడేం చేయాలో చెప్పు" అన్నాడు.

ఈ రోజు బాబాయ్‌తో కలిసి ముగ్గురం పడవని బయటికి తోశాం. నువ్వు రాసినట్టే డబ్బాలు నేల మీద, రాగి తీగ, చేతిపంపు. అన్నయ్య పంపు కొట్టాడు, నేను గొట్టం పట్టుకున్నాను. ఎర్ర సిలిండరు ఎవరు పట్టుకోవాలి? అన్నయ్య "బాబాయ్, నీకు కష్టమేమో" అన్నాడు. బాబాయ్ "నా కన్నా దీని గురించి ఎవరికి తెలుసురా?" అని ముడుచుకుపోయిన వేళ్ళతో సిలిండరు గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. రెండు గంటలు. దించమంటే దించలేదు.

పద్దెనిమిది లీటర్లు వచ్చింది అత్తా. డప్పులా మోగిన ట్యాంకులోంచి.

బాబాయ్‌ని అలా చూశాక నీకు ఒకటి చెప్పాలి. ఇక దాచలేను.

సుద్ద తేమకి పోలేదు. నేను తుడిచాను.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ పడవ కొనడానికి ఎవరో వస్తున్నారు. నాన్న తడి గుడ్డ నా చేతికిచ్చి, "తల్లీ, ఆ పిచ్చిగీతలు తుడిచెయ్, చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అన్నాడు. నాకు చదవడం వచ్చు. కానీ స్కూల్లో ఇంగ్లీషే, తెలుగు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్నాను. "కో" వరకు చదివాను. మిగతాది చదివేలోపు తుడిచేశాను. మధ్యాహ్నం పెద్ద శబ్దం వచ్చింది. రాత్రి నాన్న నా పక్కన కూర్చుని, "గుడ్డ సంగతి ఎవరికీ చెప్పకు, సరేనా" అన్నాడు. అప్పటినుంచి చెప్పలేదు. ట్యాంకులో పెట్రోల్ ఉందని చెప్పకుండా బజారుకెళ్ళావని అందరూ నిన్ను అంటుంటే విన్నాను. బాబాయ్ నాకు గేటు తీసిన ప్రతిసారీ ఆ చేతులు చూశాను.

అప్పుడు కూడా నాన్న కర్ర పెట్టి చూశాడు, పొడిగా ఉందని నిజంగానే నమ్మాడేమో. సరే. కానీ తర్వాత? తర్వాత ఏడేళ్ళు ఏం నమ్మాడు?

నన్ను తిట్టు. గట్టిగా తిట్టు. కానీ జవాబు రాయకుండా మాత్రం ఉండకు.

పిచ్చుక


రిపేరు యార్డు, వర్కర్ల క్వార్టర్లు
గురువారం

నా పిచ్చుకా,

నాకు తెలుసు.

ఆ రోజు సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చి పడవ దగ్గర నిలబడ్డాను. నేను రాసిన అక్షరాల్లో కింది భాగం తుడిచేసి ఉంది. పై కొసలు అలాగే ఉన్నాయి. వరసగా, చెక్క మీద తెల్లటి టిక్కుల్లా. అవి చూసి ఎవరూ మాట పోల్చలేరు. కానీ తుడిచిన చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుందో పోల్చవచ్చు. ఆ షెడ్డులో అంత ఎత్తు మనిషి ఒక్కతే ఉంది. మర్నాటికి మీ నాన్న దాని మీద పెయింట్ వేయించాడు.

నేను నోరు విప్పితే "ఎవరు తుడిచారు" అని అడుగుతారు. "పిల్ల" అంటాడు. ఆ ఒక్క మాట నీ నెత్తి మీద జన్మంతా ఉంటుంది. అందుకే సంచి సర్దుకున్నాను. తేమకి పోయిందని నీకు అబద్ధం రాశాను కూడా.

నిన్ను తిట్టమంటావా? ఎనిమిదేళ్ళ పిల్ల చేతికి తడి గుడ్డ ఇచ్చినవాడిని తిట్టాలి. ఆ పిల్ల నోరు మూయించి, హాయిగా తన చెల్లెల్ని వేలెత్తి చూపినవాడిని తిట్టాలి. ఇది రాస్తుంటే నా కలం కాగితానికి చిల్లు పెడుతోంది, చూడు, ఇక్కడ పెట్టింది కూడా.

పెట్రోల్ తోడారు కదా అని నిమ్మళంగా ఉండకు. మీ నాన్న వచ్చి ఏమంటాడో నేను ఇక్కడినుంచే చెబుతాను: "ఇప్పుడు నిజంగా ఖాళీ అయింది కదా, కోసెయ్." ఒప్పుకోకండి. తోడిన ట్యాంకే పెద్ద ప్రమాదం. బిరడాలు బిగించి, పలక విప్పి, ట్యాంకు చెక్కు చెదరకుండా బయటికి రావాలి. ట్యాంకుని నీటి ఆవిరితో కడిగే చోటు ఇక్కడ మా యార్డులో ఉంది. నేను చూసుకుంటాను.

అత్త


షెడ్డు మీది గది
ఆదివారం, మధ్యాహ్నం

అత్తా,

ముందు నీ మీద కోపం. అది రాశాకే మిగతాది.

నీకు తెలుసా? ఏడేళ్ళుగా తెలుసా? నువ్వు నన్ను కాపాడావనుకుంటున్నావు. నాన్న గుడ్డ సంగతి దాచమన్నాడు, నువ్వు అసలు తెలిసినట్టే చెప్పలేదు. నేను మధ్యలో ఒక్కదాన్నే ఉన్నాను. ప్రతిరోజూ, ఇవాళ తెలుస్తుందేమో, ఇవాళ తెలుస్తుందేమో అని. ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే ఏం పోయేది? "పిచ్చుకా, నాకు తెలుసు, తప్పు నీది కాదు." అంతే కదా! బాబాయ్ చేతులకి ఏడు డబ్బాల మందు పంపావు. నాకేది?

సరే. ఇప్పుడు చెబుతాను.

నువ్వు అన్నట్టే అన్నాడు. నిన్న వచ్చి డబ్బాలు చూసి ముఖం మాడ్చుకున్నాడు. "నా కర్ర కన్నా మీకు ఎక్కువ తెలుసా?" అన్నాడు. తర్వాత "సరే, ఇప్పుడు ఖాళీయే కదా, రేపు కోసెయ్" అన్నాడు.

ఈ రోజు పొద్దున అందరికన్నా ముందు లేచి, పడవ పక్క చెక్క మీద సుద్దతో రాశాను. "కోయొద్దు." ఒక్కో అక్షరం మూరెడు. స్టూలు వేసుకుని, నాన్నకి కూడా అందనంత ఎత్తున.

నాన్న వచ్చి చూశాడు. ఎవరు రాశారని అడగలేదు. బకెట్లో గుడ్డ ముంచి, పిండి, నా వైపు చాపాడు. "ఓనరు వస్తాడు. తుడిచెయ్ తల్లీ."

అదే మాట అత్తా. అదే "తల్లీ".

చెయ్యి చాపి తీసుకున్నాను కూడా, అలవాటుగా. చల్లగా ఉంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. "అప్పుడు కూడా నేనే తుడిచాను నాన్నా. నువ్వు ఇస్తే తుడిచాను. అత్త రాసింది. అత్త వద్దని రాసి వెళ్ళింది." గట్టిగా అనలేదు. కానీ అన్నయ్య విన్నాడు. బాబాయ్ గేటు దగ్గరినుంచి వచ్చి నా వెనకే ఉన్నాడు, అది నాకు తెలియదు.

నాన్న ఒకటే అన్నాడు. "నేను కర్ర పెట్టి చూశాను. పొడిగానే వచ్చింది." నాకు చెప్పినట్టు లేదు. చాలాసార్లు తనకి తను చెప్పుకున్న మాటలా ఉంది.

బాబాయ్ ముందుకొచ్చాడు. "ఇలా ఇవ్వు పాపా" అని ఆ గుడ్డ నా చేతిలోంచి తీసుకున్నాడు. వంకర వేళ్ళతో ఆరేయడానికి వైరు మీద వేశాడు. రెండుసార్లు జారింది. నాన్న చూస్తూనే ఉన్నాడు, సాయం చెయ్యలేదు. ఆయన కూడా అడగలేదు. మూడోసారికి నిలిచింది. నాన్న లోపలికి వెళ్ళి ఆఫీసు గది తలుపు వేసుకున్నాడు.

అన్నయ్య గ్రైండర్ వైరు చుట్టి అటక మీద పెట్టేశాడు. "పద్నాలుగు బిళ్ళలన్నావు, ఎక్కడే?" అన్నాడు. నేను గోరుతో తడిమి ఒక్కొక్కటే చూపించాను. పదమూడే దొరికాయి. పద్నాలుగోది బాబాయ్ చూపించాడు. నువ్వు బిగించినప్పుడు ఆ పలక అవతలి కొస పట్టుకుంది ఆయనేనట. అప్పుడు ఆ చేతులు బాగుండేవి కదా.

ట్యాంకు పసిపిల్లలా రాలేదు, దున్నపోతులా వచ్చింది. అన్నయ్య నడుము పట్టుకుని ఇంకా మూలుగుతున్నాడు. కానీ వచ్చింది. రంధ్రాలన్నిటికీ బిరడాలు, ఎండ తగలని చోట, గేటుకి దూరంగా పెట్టాం. దాని మీద కూడా రాశాను.

ఇప్పుడు నువ్వు రావాలి. ట్యాంకు కోసం అను, ఇంకేదైనా కోసం అను. బాబాయ్ మందు డబ్బా తీసి బల్ల మీద, అందరికీ కనపడేలా పెట్టాడు. నాకైతే ఇంకా చాలా కోపం ఉంది, నువ్వు వస్తే ఎదురుగానే

తలుపు కొడుతున్నారు. రెండుసార్లు, ఆగి, ఇంకోసారి. నాన్నే అలా కొడతాడు. "తల్లీ" అనడం లేదు. నా పేరు పెట్టి పిలుస్తున్నాడు, మెల్లగా.

ఈ కాగితాలు కెమిస్ట్రీ పుస్తకం అట్టలోకి దూర్చేస్తున్నాను. నీ ఉత్తరం మాత్రం, ఆ తుడిచిన అక్షరాల సంగతి ఉన్న పేజీ, బల్ల మీదే ఉంచుతున్నాను. నాన్న చదువుకోనీ.